కొండవాలు మీద రాతి ఇంట్లో ఎనిమిది రోజులు

ఫ్రాన్సు దేశం అనగానే మనవాళ్ళకు పారిస్ పట్టణమూ, ఈఫిల్ టవరూ గుర్తుకు వస్తాయి. 2023 జూన్ నెలలో మేము మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ రెండూ చూడలేదు. చూడలేదన్న బెంగ కూడా లేదు. అబ్బాయి దక్షిణ ఫ్రాన్సులో, సముద్రానికి దగ్గరగా ఉన్న మొంపెలియే పట్టణంలో పరిశోధన చేస్తున్నాడు. "ఇక్కడ ఎండ కూడా మన గుంటూరు ఎండకు తీసిపోదమ్మా, ఒక వారం కొండల్లో ఉండి వద్దాం" అని, అక్కడికి ఉత్తరాన సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఒక పాత రాతి ఇల్లు వారానికి అద్దెకు తీసుకున్నాడు. ఆ కొండల పేరు సెవెన్. ఇంగ్లీషు ఏడుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మా వారు, నేను, అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, ఆరేళ్ళ మనవరాలు, మొత్తం ఆరుగురం ఒక శనివారం సాయంకాలానికి అక్కడికి చేరాము.

కారు దారి ఇంటికి రెండువందల గజాల దూరంలోనే ఆగిపోయింది. అక్కడినుండి సామాను చేతుల్లో పట్టుకొని నడవాలి. ఇరువైపులా చెస్ట్‌నట్ చెట్లు పూత మీద ఉన్నాయి. పాలరంగులో కుచ్చుల్లాగా వేలాడే పూలు, వాటి నిండా తేనెటీగలు. వాలంతా మెట్లు మెట్లుగా మళ్ళు కట్టి ఉంది. ప్రతి మడికీ సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. ఆ మళ్ళ మధ్య, కొండలోంచి మొలిచినట్లుగా, అదే రాతితో కట్టిన ఇల్లు. పైకప్పు కూడా రాతి పలకలే. మన బేతంచెర్ల నాపరాళ్ళను చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

గోడల మందం చూసి మా వారు మూరతో కొలిచారు. మూరన్నర పైచిలుకు. కింది అరలో పూర్వం మేకలను కట్టేవారట. మధ్య అంతస్తులో పెద్ద పొయ్యి ఉన్న వంటగది, దానికి ఆనుకొని పడకగది. పై అంతస్తు పొడుగాటి గది. అది మనుషులకోసం కట్టింది కాదు, పట్టుపురుగులకోసం కట్టింది. మదనపల్లె, హిందూపురం వైపు ఉన్నవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు మల్బరీ ఆకు మేపి పట్టు తీసి బ్రతికింది. గుడ్లు పొదిగే రోజుల్లో స్త్రీలు వాటిని చిన్న సంచుల్లో పోసి రొమ్ముల మధ్య ఉంచుకొని వెచ్చదనం ఇచ్చేవారట. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో పురుగులకు తెగులు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు అప్పులపాలైతే, లూయీ పాశ్చర్ 1865లో ఆ దగ్గరలోని అలెస్ పట్టణానికి వచ్చి కొన్నేళ్ళపాటు ఆ తెగులును పరిశీలించాడు.

పట్టు రొక్కం తెచ్చేది. కడుపు నింపింది మాత్రం చెస్ట్‌నట్. ఆ కొండల్లో గోధుమ సరిగా పండదు. అందుకని ఆ చెట్టును 'రొట్టెచెట్టు' అని పిలుచుకున్నారు. ఇంటి పక్కన చిన్న రాతి గది ఒకటి ఉంది. కాయలను అటక మీద పోసి, కింద కొన్ని వారాలపాటు సన్నని పొగమంట పెట్టి ఆరబెట్టేవారు. అలా ఎండిన గింజలతో చలికాలమంతా జావ కాచుకునేవారు. ఎండు గింజలు నానబెట్టి ఉడికించి మాకోసం ఇంటి యజమానురాలు ఒక గిన్నె తెచ్చింది. ఉప్పూ కారమూ లేదు. మా వారు మర్యాదకు రెండుసార్లు వడ్డించుకున్నారు. నేను ఒక్కసారితోనే చాలించుకున్నాను.

ఆ తల్లికి ఎనభై దాటాయి. పై మలుపులోని ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. మా అబ్బాయి తర్జుమా చేస్తుంటే ఇంటి సంగతులు ఆమె నోటనే విన్నాము. ఆమె తాతగారు ఈ ఇంట్లోనే పుట్టి, బొగ్గు గనుల్లో పనికోసం కొండ దిగి వెళ్ళిపోయాడు. ఆయన అన్నదమ్ములూ వెళ్ళారు. చివరకు ఒక ముసలి మేనత్త మిగిలి, ఆమె కూడా పోయాక తలుపుకు తాళం పడింది. తాళం వేసిన ఇంటికి మొదట పైకప్పే పోతుంది, మీకు తెలిసిన సంగతే. రాతి పలకల బరువుకు వాసాలు విరిగి, ఇల్లు ఆకాశానికి తెరుచుకున్నది. లోపల అంజూరపు చెట్టు మొలిచిందట. 1950 దశకంలో ఆ దేశంలో ఒక పథకం మొదలైంది. పాడుబడిన పల్లె ఇళ్ళను సహాయం తీసుకొని బాగుచేసుకోవచ్చు, అయితే కొన్ని సంవత్సరాలపాటు వాటిని పట్టణవాసులకు సెలవుల్లో అద్దెకు ఇవ్వాలి. అటువంటి ఇంటిని 'జీత్' అంటారు. ఈమె, ఈమె భర్త 1970ల తరువాత అలాగే ఇల్లు ఎత్తారు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పని చేశారు గనుక ఎనిమిదేళ్ళు పట్టిందట.

మా వారు ఆమెను అడిగిన ప్రశ్నలన్నీ వాసాలను గూర్చినవే. ఏ కర్ర, ఎన్ని వాసాలు, పాత దూలం ఎంతవరకు నిలిచింది, కూలి ఎంత అయింది. అబ్బాయి నవ్వాడుగాని నేను నవ్వలేదు. పల్నాడులోని మా ఊళ్ళో మామగారి తండ్రి కట్టిన రాతిగోడల ఇల్లు 2016లో మా అత్తగారు ప్రభువునందు నిద్రించినప్పటినుండి తాళం వేసి ఉంది. మా ఊళ్ళో చర్చి కట్టకముందు చాలా సంవత్సరాలు ఆ ఇంటి వసారాలోనే ఆదివారం ఆరాధన జరిగేది. మేము ఫ్రాన్సుకు బయలుదేరే ముందు మా మరిది ఫోను చేసి, స్థలం కొనేవారు వచ్చారు, అగ్రిమెంటు రాయమంటారా అని అడిగాడు. మా వారు ఏమీ చెప్పకుండానే విమానం ఎక్కారు.

వచ్చిన మరునాడే ఆదివారం. పక్క ఊళ్ళో ప్రొటెస్టెంటు ఆరాధన ఉందని తెలిసి ఆరుగురమూ వెళ్ళాము. అక్కడ ఒక విచిత్రం. కేథలిక్కులది చర్చి అనీ, ప్రొటెస్టెంటులది 'టెంపుల్' అనీ అంటారు. "నాయనమ్మా, మనం టెంపుల్‌కి వెళ్తున్నాం" అని మనవరాలు అంటే మొదట ఉలిక్కిపడ్డాను. లోపల పటాలు లేవు, బొమ్మలు లేవు, తెల్లటి గోడలు, బల్ల మీద తెరిచి ఉంచిన పెద్ద బైబిలు. రెండువందలమంది పట్టే మందిరంలో మాతో కలిపి ఇరవైనలుగురం. తలలన్నీ నెరిసినవే. పిల్లలంటే మా మనవలిద్దరే. పాస్టరు ఒక స్త్రీ. ఆమె చుట్టుపక్కల అనేక ఊళ్ళ సంఘాలను చూస్తుంది గనుక ప్రతి ఊళ్ళో ప్రతి ఆదివారం ఆరాధన ఉండదు. లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు 2013లో ఏకమై ఒకే సంఘమయ్యాయని ఆమె చెబితే, గుంటూరు లూథరన్ సంఘంలో పెద్దగా ఉన్న మా వారు సంతోషించారు. ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఎందరు అని వాళ్ళు అడిగారు. ఆరువందలు అంటే తర్జుమాలో పొరపాటు వచ్చిందనుకొని కాగితం ఇచ్చి అంకె వేయించుకున్నారు. 600 అని రాస్తే ఆ కాగితం చేతులు మారి మందిరమంతా తిరిగింది. మాకు గర్వపడాలని అనిపించలేదు. వాళ్ళ పెద్దల చరిత్ర తెలిశాక అసలే అనిపించలేదు.

ఆ చరిత్ర మాకు మొదట ఇంటి వెనుకే కనిపించింది. మూడవ మడి చివర ఒక సైప్రస్ చెట్టు, దాని కింద పేర్లు లేని నాలుగు రాతి పలకలు నిలువుగా పాతి ఉన్నాయి. అవి సమాధులని యజమానురాలు చెప్పింది. ప్రొటెస్టెంటులను ఊరి శ్మశానంలో పాతిపెట్టనివ్వని రోజుల్లో ఎవరి మృతులను వారు తమ చేలోనే పెట్టుకున్నారు. హక్కు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, ఇప్పటికీ కొందరు అధికారుల అనుమతి తీసుకొని అలాగే చేస్తారట. సమాధుల స్థలంకోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సంఘపెద్దలు మన పల్లెల్లోనూ ఎందరో ఉన్నారు గనుక, ఈ మాట మాకు విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

జరిగినది క్లుప్తంగా చెబుతాను. 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంత్ శాసనం ద్వారా ప్రొటెస్టెంటులకు కొంత ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చాడు. ఆయన మనవడు పద్నాలుగవ లూయీ 1685లో దానిని రద్దు చేశాడు. మందిరాలు కూల్చివేశారు. పాస్టర్లు మతమైనా మారాలి, పదిహేను రోజుల్లో దేశమైనా విడవాలి. సామాన్య విశ్వాసులకు దేశం విడిచే అనుమతి కూడా లేదు. దొరికిన మగవారిని రాజు ఓడల్లో గొలుసులతో కట్టి తెడ్లు వేయించారు, స్త్రీలను చెరలో వేశారు. అయినా సుమారు రెండు లక్షలమంది తప్పించుకొని హాలెండు, ఇంగ్లండు, జర్మనీ, స్విట్జర్లాండు దేశాలకు చేరారు. మిగిలినవారి ఇళ్ళలోకి సైనికులను దింపారు. ఇంటివారు సంతకం పెట్టి మతం మారేవరకు ఆ సైనికులను మేపవలసినదే.

చాలామంది సంతకం పెట్టారు. ఇది దాచవలసిన సంగతి కాదు. పెట్టి, పిల్లలకు గురువు చేత బాప్తిస్మం ఇప్పించి, రాత్రి తలుపు వేశాక వంటగదిలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బైబిలు నేర్పారు. అది వేషధారణ అని మనలో కొందరు అనవచ్చు. సైనికులు ఇంట్లో దిగిన తల్లిని గూర్చి తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. మరికొందరు రహస్యంగా గుహల్లో, లోయల్లో కూడుకున్నారు. ఇశ్రాయేలీయులు తిరిగిన అరణ్యాన్ని తలచుకొని ఆ కూటాలకు 'అరణ్యము' అనే పేరు పెట్టుకున్నారు. ఆ కాలానికంతటికీ అదే పేరు నిలిచింది.

1702లో ఆ కొండల యువకులు కత్తి పట్టారు. వారిని కమిసార్లు అంటారు. 68వ కీర్తన పాడుతూ యుద్ధానికి దిగేవారట. రెండేళ్ళు రాజు సైన్యాన్ని నిలువరించారు. గురువులనూ చంపారు, కేథలిక్కు చర్చిలనూ తగలబెట్టారు. దానికి బదులుగా 1703 చివరి నెలల్లో రాజు సైన్యం 466 పల్లెలను, పాలేలను నాశనం చేసింది. మేమున్న ఇంటి కింది గోడలో కొన్ని రాళ్ళు నల్లగా, ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ మంటల్లో కాలినవేనని తమ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారని యజమానురాలు అన్నది. ఆ పక్క ప్రాంతంలో వీరగాథగా చెప్పుకునేది ఈ కమిసార్ల కథే. నాకు మాత్రం కత్తి పట్టినవారికంటే ఆ తరువాతివారే ఎక్కువగా నచ్చారు. 1715లో అంతువాన్ కూర్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు కొద్దిమందిని రహస్యంగా సమకూర్చి, ఆయుధాలు వద్దు, క్రమమైన సంఘం కావాలి అని పని మొదలుపెట్టాడు. 1787లో పదహారవ లూయీ రాజు వారి పుట్టుకలను, పెళ్ళిళ్ళను, మరణాలను చట్టబద్ధంగా రాసుకోవడానికి ఒప్పుకునేవరకు ఆ రహస్య సంఘం బ్రతికింది. ఆ లోపల జరిగిన పెళ్ళిళ్ళు చట్టం దృష్టిలో పెళ్ళిళ్ళే కావు. నూరేళ్ళకు పైగా మందిరం లేదు, గంట లేదు, చాలాచోట్ల పాస్టరు కూడా లేడు. ఉన్నది ఇటువంటి వంటగదులే.

ఆ వంటగదిని కళ్ళారా చూడాలంటే మియాలే అనే ఊరి దగ్గరి మా సుబేరాన్ పాలేనికి వెళ్ళాలి. మేమున్న చోటికి కారులో అరగంట. కమిసార్ల నాయకుడు రోలాఁ పుట్టిన ఇంటినే 1911 నుండి 'అరణ్యపు మ్యూజియం'గా ఉంచారు. సైనికులు వస్తే అతడు దాక్కునే కంత వంటగది అల్మారా వెనుక ఉంది. మా మనవడు అందులో దూరడానికి నాలుగుసార్లు ప్రయత్నించాడు, అక్కడి ఉద్యోగి నాలుగుసార్లు వద్దన్నాడు. ఆడవాళ్ళు కొప్పులో దాచుకున్న అరచేతికంటే చిన్న బైబిలు ఉంది. మడిచి మూస్తే పీపాలాగా కనిపించే ప్రసంగపీఠం ఉంది. విడదీసి జేబుల్లో పెట్టుకోగలిగే ప్రభురాత్రి భోజనపు గిన్నె ఉంది. ఓడల్లో తెడ్లు వేసినవారి పేర్లు గోడల మీద చెక్కి ఉన్నాయి. మా వారు టోపీ తీసి ఆ పేర్లను మొదటినుండి చదవడం మొదలుపెట్టి, అరగంట తరువాత కూడా కదలలేదు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు మొదటి ఆదివారం అక్కడి చెట్ల కింద వేలమంది ఆరాధనకు కూడుకుంటారు. వెళ్ళిపోయినవారి వంశస్థులు ఇతర దేశాలనుండి కూడా వస్తారు.

గురువారం సముద్రపు ఒడ్డువైపున్న ఎగ్-మోర్త్ కోటకు వెళ్ళాము. ఉప్పు మళ్ళ మధ్య గుండ్రని పెద్ద బురుజు. కూటాల్లో దొరికిన స్త్రీలను అందులో పెట్టేవారు. మరీ దురాఁ అనే అమ్మాయిని 1730లో, పందొమ్మిదేళ్ళ వయసులో, అక్కడికి తెచ్చారు. ఆమె అన్న పియెర్ పాస్టరు. అదే ఆమె నేరం. 1732లో అతనిని మొంపెలియేలో ఉరితీశారు. ఆమె 1768లో బయటకు వచ్చింది. ముప్పైఎనిమిది సంవత్సరాలు. తలుపు బయటినుండి వేసినా గడియ ఆమె చేతిలోనే ఉన్నట్లు, నా విశ్వాసం వదులుకుంటున్నాను అని ఒక్క మాట చెబితే పంపివేసేవారు. ఆమె చెప్పలేదు. తోటి ఖైదీ స్త్రీలకోసం బట్టలకూ తిండికీ సహాయం అడుగుతూ ఆమె రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. పై గది నేల మధ్యలో ఒక గుండ్రని కన్నం, దాని చుట్టూ రాతి గట్టు. ఆ గట్టు మీద ఒక్క మాట గీకి ఉంది. లొంగవద్దు అని దాని భావం. ఆమె గీకినదేనని చెబుతారు. మా కోడలు దాని దగ్గర చాలాసేపు కూర్చుంది. తిరుగు ప్రయాణంలో, "అత్తయ్యా, లోపలికి వచ్చేటప్పటికి ఆమె నా చెల్లెలికంటే చిన్నది" అన్నది. తరువాత కారులో ఎవరమూ మాట్లాడలేదు.

రాతి ఇంట్లో టీవీ లేదు. ఫోనుకు సిగ్నలు కావాలంటే పైమలుపు దాకా ఎక్కాలి. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. మన పల్లెలో అర్ధరాత్రి కూడా కనీసం కుక్క అయినా అరుస్తుంది. రెండవ రోజునుండి రాత్రి భోజనం కాగానే ఆ పొయ్యి ముందు కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాము. మా మనవడు తెలుగు మాట్లాడతాడుగాని చదవలేడు. అటక మీద ఇంటివారి పాత ఫ్రెంచి బైబిలు ఉంటే అది దించాడు. వాడు ఫ్రెంచిలో ఒక వచనం, వాళ్ళ తాతయ్య తెలుగులో అదే వచనం. 121వ కీర్తన అలా చదవడానికి పావుగంట పట్టింది. మధ్యలో మనవరాలు నా ఒళ్ళో నిద్రపోయింది. "మొంపెలియేలో అయితే కుదరదత్తయ్యా, ఈయన ఇంటికి వచ్చేసరికి పిల్లలు పడుకుంటారు" అని కోడలు తనంతట తానే అన్నది. నేను ఏమీ అనలేదు. అబ్బాయి పొయ్యివైపు చూస్తూ కూర్చున్నాడు. మరునాడు రాత్రి బైబిలు దించింది అబ్బాయే.

శుక్రవారం సాయంకాలం యజమానురాలు వచ్చి మాతో ప్రార్థనలో కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా ఆమేన్ అన్నచోటల్లా ఆమేన్ అన్నది. తరువాత మా వారు ఆమెను ఒక మాట అడిగారు. మీ పిల్లలు ఇక్కడికి వస్తారా అని. ఇద్దరు కొడుకులు, ఒకరు లియోన్‌లో, ఒకరు కెనడాలో. వేసవిలో పది రోజులు వస్తారు. ఆమె తరువాత ఈ ఇల్లు ఏమవుతుందో ఆమెకు తెలియదు. "రాజు సైన్యం తగలబెట్టినప్పుడు మావాళ్ళు తిరిగి వచ్చి మళ్ళీ కట్టుకున్నారు. గనుల్లో జీతాలు దొరికాక తిరిగి రాలేదు. ఎవరూ తరమలేదు, ఎవరినీ తప్పు పట్టలేను" అన్నది. లోయకు అవతలి వాలున కప్పులేని ఇళ్ళు మూడు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి ఆమె మేనమామగారిదట. పిల్లలు ఎక్కడెక్కడో ఉన్న ఇల్లు మన పల్లెల్లో లేనిది ఏది? మా ఊళ్ళో మా వీధిలోనే తాళాలు పడినవి ఐదు.

శనివారం పది గంటలకల్లా ఇల్లు ఖాళీ చేయాలి. నేనూ కోడలూ గదులు ఊడ్చి, దుప్పట్లు మడతపెట్టి, బైబిలును దాని చోట పెట్టాము. పనిలో పడి మా వారు కనిపించడంలేదని చూసుకోలేదు. తీరా మనవడు వెదకి వచ్చి, తాతయ్య పైమలుపు దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడని చెప్పాడు. నేను వెళ్ళేసరికి మరిదితో అంటున్నారు.

"అగ్రిమెంటు రాయమాకు తమ్ముడూ. ఆగస్టులో మేం వచ్చినాక చూద్దాం. ముందు మేస్త్రిని పిలిపించి వాసాలు ఎన్ని పోయినయ్యో, దూలం నిలబడుద్దో లేదో చూపించు."

అవతలినుండి మరిది ఏమన్నాడో నాకు వినపడలేదుగాని ఊహించగలను. బాగుచేసి అందులో ఎవరుంటారన్నయ్యా అని అడిగి ఉంటాడు. మా వారు కొంతసేపు లోయవైపు చూస్తూ ఊరుకున్నారు.

"అదింకా నాకు తెలవదురా. ఈలోపల వానలు పడతయ్యి. ఇవాళే పోయి వసారా మీద పట్టా కప్పించు" అన్నారు.